తర్వాతి మనిషి వచ్చేదాకా

ఆసుపత్రి లాండ్రీలో దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరుండాలి. ఒక్కరే పెట్టలేరని కాదు, పెడితే ఆ మడత చూసి సూపర్‌వైజరు మొహం అదోలా పెడతాడు. ఇటు ఒకరు, అటు ఒకరు అంచులు పట్టుకుని ఒక్క దులుపు దులిపి, నిలువునా సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచొచ్చి, ఒకరి వేళ్ళలోని అంచుల్ని మరొకరి వేళ్ళలో పెట్టాలి. పెట్టినామె వంగి, కింద వేలాడే మడతని అందుకోవాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇదే నడక. ఎదుటి మనిషితో మాటలు లేకపోయినా చేతులు తగలక తప్పదు.

మడతలక్కకీ సైకిలమ్మాయికీ మాటలకి ఏనాడూ కరువు లేదు. మడతలక్క ఈ పనిలో చెయ్యి తిరిగిన మనిషి. ఆమె మడిచిన దుప్పట్లు దొంతి పేరిస్తే గోడ కట్టినట్టుండేది. సైకిలమ్మాయి వయసులో ఆమెకి సగం. సైకిలు లేనిదే వీధి మలుపు కూడా దాటదు. ఇద్దరిదీ ఒకటే చర్చి. ఆదివారం విన్న వాక్యం గురించి, పాటలో శ్రుతి తప్పినవాళ్ళ గురించి, పాస్టరుగారి తగ్గని దగ్గు గురించి సోమవారం దుప్పట్ల మధ్య తీరిగ్గా చెప్పుకునేవాళ్ళు. "మీ నోళ్ళకి ఎవరైనా తాళం వేస్తే బాగుండు" అని సూపర్‌వైజరు విసుక్కునేవాడు కానీ, పని ఆగేది కాదు కాబట్టి ఊరుకునేవాడు.

ఆ సోమవారం పొద్దున మందపాటి దుప్పట్లు అయిపోయి పల్చటివి మొదలయ్యాయి. అక్కడ రోలరని ఒకటుంటుంది. లోపల వేడి నింపుకుని తిరిగే పెద్ద ఇనుప గొట్టం. తడి బట్టని ఒకపక్క నుంచి తోస్తే రెండోపక్క ఆరిపోయి, ఇస్త్రీ అయి వస్తుంది. మందపు బట్టకి వేడి పెంచాలి, పల్చటి బట్టకి తగ్గించాలి. ఆ పూట వేడి చూసే వంతు సైకిలమ్మాయిది.

"తగ్గించావా?" అని అడిగింది మడతలక్క.

"ఆఁ, ఆఁ" అంటూనే చేతిలో ఫోను మోగి ఆ అమ్మాయి బయటికి పరుగెత్తింది. తగ్గించలేదు. మడతలక్క నమ్మి ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ పోయింది. ముక్కుకి మాడు వాసన తగిలేసరికి, ఒక తోపుడుబండి నిండా దుప్పట్లు గోధుమరంగు చారలతో అవతలికొచ్చి పడ్డాయి.

సూపర్‌వైజరు ఒక దుప్పటిని కిటికీ వెలుగుకి ఎత్తి చూశాడు. "రోలరు దగ్గర ఎవరున్నారు?"

"నేనేనండీ" అంది మడతలక్క. "కానీ..."

"కానీ ఏంటి?"

ఆ 'కానీ' తర్వాత రావాల్సిన మాట తనది కాదనుకుంది ఆమె. అది సైకిలమ్మాయి చెప్పాల్సిన మాట. ఆ అమ్మాయి అప్పటికే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది కూడా. మడతలక్క ఆమె వైపు చూసింది. ఆ అమ్మాయి తన చొక్కా అంచున వేలాడుతున్న దారప్పోగుని లాగుతూ నేలచూపులు చూసింది. దాని ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదని మడతలక్కకి తెలుసు. తెలిసినంత మాత్రాన గొంతులో అడ్డం పడ్డది దిగుతుందా?

"ఏం లేదండీ" అంది.

"ఇన్నేళ్ళ నుంచి చేస్తున్నదానివి, నువ్వే ఇలా చేస్తే ఇంకెవరికి చెప్పను? నెలాఖరు దాకా వేరుచేసే గదిలో ఉండు."

వేరుచేసే గదంటే లాండ్రీలో అందరికీ హడల్. వార్డుల నుంచి వచ్చే మురికి దుప్పట్లన్నీ ముందు అక్కడికే వస్తాయి. మోచేతుల దాకా తొడుగులు వేసుకుని, ఒక్కొక్కటీ విప్పి దులిపి, నెత్తురంటినవి ఒక తొట్టిలో, మందంటినవి ఒక తొట్టిలో పడెయ్యాలి. మడతల్లో చెంచాలు దొరుకుతాయి, కళ్ళజోళ్ళు దొరుకుతాయి, ఖర్మకాలితే సూది కూడా దొరుకుతుంది. ఆ వాసన సబ్బుకి లొంగదు. మడతలక్క తన ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి, రబ్బరు ఏప్రన్ కట్టుకుని వెళ్ళిపోయింది. సైకిలమ్మాయి పక్కకి జరిగి దారి ఇచ్చింది.

ఆ మర్నాటి నుంచే చర్చిలో గొలుసు ప్రార్థన.

ఏడాదికోసారి, ఒక వారం పాటు, రాత్రనక పగలనక చర్చి పక్కగదిలో ఎవరో ఒకరు ప్రార్థనలో ఉంటారు. గంటకొకరు. దానికో కట్టుబాటుంది. కూర్చున్నవాళ్ళు కళ్ళు తెరవకూడదు. తర్వాతి మనిషి వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా లేవకూడదు. గంట దాటినా, రెండు దాటినా ఆ చెయ్యి పడాల్సిందే. ఈ గొలుసు ఇంతవరకూ తెగలేదని సంఘంలో అందరికీ కాస్త గర్వం. గర్వపడకూడదని పాస్టరుగారు ఏటా గుర్తుచేస్తారు. గుర్తుచేసేటప్పుడు ఆయన మొహంలోనూ అదే కనిపిస్తుంది.

మడతలక్కది తెల్లవారుజాము గంట. ఆమె ముందు దర్జీ తాత, ఆమె తర్వాత సైకిలమ్మాయి, ఆ అమ్మాయి తర్వాత టీచరమ్మ. కొన్నేళ్ళుగా ఇదే వరస.

ఆ గంటలో ఎవరికేం కావాలో వాళ్ళు అడుగుతారు. మడతలక్క అడిగేది ఒక్కటే, పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టింది. తన భర్త ఒక్కసారి చర్చి గుమ్మం దాటి లోపలికి రావాలి. అతను కోల్డ్‌స్టోరేజీలో రాత్రి వాచ్‌మన్. చెడ్డవాడేం కాదు, తాగడు, తిట్టడు. వానొస్తే గొడుగు పట్టుకుని చర్చి గేటు దాకా దిగబెడతాడు కూడా. గేటు దగ్గర మాత్రం టక్కున ఆగిపోతాడు. "మీ ప్రభువుతో నాకేం తగాదా లేదు. ఎవరి డ్యూటీ వాళ్ళది" అంటాడు. ఎన్నేళ్ళు అడిగినా ఆ గేటు దగ్గరి నుంచి అతని బూటు ఒక్క అంగుళం ముందుకి జరగలేదు.

అతను డ్యూటీ దిగి వచ్చే వేళకే ఆమె ప్రార్థనకి బయల్దేరుతుంది. గుమ్మంలో ఎదురవుతారు. తాళంచెవి ఆమె చేతిలోంచి అతని చేతిలోకి వెళ్తుంది.

"ఏం, ఈ ఏడు కూడా నా మీదేనా అర్జీ?" అన్నాడు ఆ మంగళవారం, టార్చిలైటు ఆర్పుతూ.

"మీ మీదే. వేరే పనేముంది నాకు?"

"పాపం, ఆయనకైనా విసుగు రాదూ?"

ఆమె నవ్వకుండానే వెళ్ళింది. లాండ్రీలో జరిగినదంతా ముందురోజు సాయంత్రమే అతనికి చెప్పింది. అతను విని "ఊఁ" అన్నాడు. ఊఁ అంటే ఏమిటో అతనే చెప్పాలి.

పక్కగదిలో ఒక చాప, మోకాళ్ళు వంగనివాళ్ళ కోసం ఒక పాత కుర్చీ, గోడకి గడియారం. ఇంకేం లేవు. దర్జీ తాత చాప మీద గూడు కట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాడు. ఆమె భుజం తట్టగానే "స్తోత్రం" అని లేచి, మోకాళ్ళు పట్టుకుని, గోడ పట్టుకుని బయటికి నడిచాడు. మడతలక్క మోకరించి కళ్ళు మూసుకుంది. భర్త గురించి అడిగింది. అది అలవాటైన విన్నపం, దానంతటదే నడిచిపోయింది. ఆ తర్వాత సైకిలమ్మాయి గురించి అడగబోయింది. అక్కడ ఆగిపోయింది. ఏమని అడగాలి? క్షమించే మనసివ్వమనా? మనసు ఇస్తాడు సరే, ఆ అమ్మాయికి నోరు కూడా ఇవ్వొద్దూ?

ఇంకాసేపట్లో ఆ చెయ్యే వచ్చి తన భుజం మీద పడుతుందని గుర్తొచ్చింది. రాగానే ఏమీ అనకూడదనుకుంది. వందనాలు చెప్పి వెళ్ళిపోవాలి. చెప్పేటప్పుడు గొంతు మామూలుగా ఉండాలి.

చెయ్యి రాలేదు. బయట పక్షులు మొదలుపెట్టాయి, పాలబండి వెళ్ళింది, కళ్ళ రెప్పల మీదికి వెలుగొచ్చింది. మోకాళ్ళు మండుతున్నాయి. గుమ్మం దగ్గర ఏదో అలికిడైతే వచ్చింది కాబోలనుకుంది. ఎవరూ తాకలేదు. కట్టుబాటు కట్టుబాటే కాబట్టి కళ్ళు తెరవలేదు. సైకిలమ్మాయి గంట కూడా తనే మోసింది. ఆ తర్వాత రావాల్సిన టీచరమ్మ, మోకాళ్ళు నడవనిచ్చినప్పుడే వస్తుంది. చివరికి "అయ్యో, నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటమ్మా?" అని ఆ వణికే చెయ్యి భుజం మీద పడేసరికి బస్సు వెళ్ళిపోయింది.

లాండ్రీ గేటు మూసేస్తుంటే దూరింది. సూపర్‌వైజరు గడియారం చూసి, ఆమెని చూసి, తల తిప్పుకున్నాడు. వేరుచేసే గదికీ మడతల హాలుకీ మధ్య ఒక అద్దం ఉంది. అద్దంలోంచి చూస్తే సైకిలమ్మాయి తల దువ్వుకుని, ఏప్రన్ కట్టుకుని, వేళకొచ్చి, ఇంకెవరితోనో దుప్పటి దులుపుతోంది. పనికి రావడానికి దానికి కాళ్ళున్నాయి. ప్రార్థనకి రావడానికే లేవు. ఆ కోపంలో మడతలక్క ఒక దుప్పటిని తొట్టిలోకి విసిరింది. అది గురి తప్పి నేల మీద పడింది. వంగి తీసుకుంది.

బుధవారమూ అంతే. అదే చాప, అదే అలికిడి, అదే ఎదురుచూపు. ఆ రోజు విన్నపం కూడా సరిగ్గా నడవలేదు. మాటలు నోట్లో తిరిగాయే కానీ మనసులోకి దిగలేదు. ఇన్నేళ్ళూ ఎవరితో మాట్లాడుతున్నాను నేను అన్న ప్రశ్న వచ్చి పక్కనే కూర్చుంది. భర్త గేటు దాటలేదు. నిజం చెప్పాల్సిన మనిషి నోరు విప్పలేదు. వేళకి రావాల్సిన చెయ్యి రాలేదు. తను మాత్రం కళ్ళు మూసుకుని, ఎవరూ చూడని గదిలో, మోకాళ్ళ మీద పడి ఉంది. ఏమిటిదంతా?

ఈసారి లాండ్రీకి చేరేసరికి గేటు మూసేశారు. సూపర్‌వైజరే వచ్చి తీశాడు.

"చూడమ్మా, నీ మీద నాకు గౌరవముంది" అన్నాడు. "ఇంకొక్కసారి ఇలా అయితే మాత్రం ఇట్నుంచి ఇటే ఇంటికి పంపిస్తాను. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భర్త డ్యూటీకి తయారవుతూ బూట్లు తుడుచుకుంటున్నాడు. ఆమె స్నానం చేసొచ్చి గోడకి చేరగిలబడింది. చేతులు వాసన చూసుకుంది. పోలేదు.

"ఆ అమ్మాయి ఇవాళా రాలేదా?"

"రాలేదు. ఎందుకొస్తుంది? నా మొహం చూడ్డానికి సిగ్గు. ఉంటే అప్పుడే ఉండాలి సిగ్గు."

"నువ్వు లేచి వచ్చెయ్యాల్సింది."

"లేవకూడదు."

"ఎందుకు లేవకూడదు?"

"తర్వాతి మనిషి వచ్చేదాకా లేవకూడదండీ. ఎన్నిసార్లు చెప్పాను? లేస్తే తెగిపోతుంది."

అతను గుడ్డ పక్కన పెట్టి బూటు వంక చూశాడు. "మా దగ్గరా అంతేలే" అన్నాడు. "రిలీవరు రాకపోతే కదలకూడదు. ఒకసారి మర్నాడు మధ్యాహ్నం దాకా కూర్చున్నాను, నీకు గుర్తుందా? నువ్వు అన్నం డబ్బా పట్టుకొచ్చావు."

"మీకు జీతమిస్తారు" అంది ఆమె. అన్న వెంటనే ఏడుపొచ్చింది. "నాకు విసుగొచ్చేసిందండీ. అడిగీ అడిగీ నోరు ఎండిపోయింది. వినేవాడు ఉంటే ఈపాటికి వినేవాడు. ఇక నా వల్ల కాదు."

అతను అటూ ఇటూ చూసి, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె పక్కన పెట్టి, డ్యూటీకి వెళ్ళిపోయాడు.

గురువారం తెల్లవారుజామున అతను వచ్చేసరికి తలుపుకి ఇంకా లోపల గడియ పెట్టి ఉంది. తలుపు తట్టాడు. ఆమె లేచొచ్చి గడియ తీసి మళ్ళీ వెళ్ళి పడుకుంది.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి అక్కడ?"

"నేను వెళ్ళను."

"ఆ తాత కూర్చునుంటాడుగా నీ కోసం."

"ఎంతసేపని కూర్చుంటాడు? చూసి చూసి లేస్తాడు. తెగిపోతుంది. తెగనివ్వండి" అని ఆమె గోడ వైపు తిరిగింది.

అతను బూట్లు విప్పలేదు. టోపీ తియ్యలేదు. కుర్చీ మీద పెట్టిన టార్చిలైటు మళ్ళీ తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళాడు. టీ కోసం వెళ్ళుంటాడనుకుంది ఆమె. ఎన్నాళ్ళకో ఆ వేళప్పుడు దొరికిన నిద్ర, అది ఆమెని లాక్కుపోయింది.

మెలకువ వచ్చేసరికి కిటికీ తెల్లబడింది. మంచం రెండోపక్క నలగలేదు. బూట్లు పెట్టే మూల ఖాళీగా ఉంది. టీ తాగడానికి ఇంతసేపు పట్టదు. ఆమె లేచి కూర్చుంది. ముందురోజు సాయంత్రం మాటలు గుర్తొచ్చాయి. రిలీవరు రాకపోతే కదలకూడదు. ఛ, ఆయనా? ఆయన అక్కడికా? అనుకుంటూనే జుట్టు ముడేసుకుని, లంచి డబ్బా తీసుకోవడం కూడా మర్చిపోయి వీధిలోకి పరుగెత్తింది.

చర్చి గేటు దగ్గర అతను లేడు. అతను ఎప్పుడూ ఆగిపోయే చోట, గోడకి ఆనించి ఒక సైకిలుంది.

ఆమె ఆవరణలోకి నడిచింది. పక్కగది తలుపు సగం తెరిచి ఉంది. ఆ తలుపు పక్కన గోడకి అతుక్కుపోయి సైకిలమ్మాయి నిలబడి ఉంది, చప్పుడవకుండా చెప్పులు చేత్తో పట్టుకుని. మడతలక్క కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. రాలేదు, రాలేదు అనుకున్న మనిషి గుమ్మం పక్కనే ఉంది.

లోపల్నుంచి భర్త గొంతు వినిపించింది. "రా అమ్మాయ్. ఎంతసేపు అలా గోడని మోస్తావు?"

ఆ అమ్మాయి ఉలిక్కిపడి గుమ్మంలోకి జరిగింది. మడతలక్కకి ఇప్పుడు లోపలంతా కనిపిస్తోంది. భర్త చాప మీద లేడు. పాత కుర్చీ మీద, తలుపు వైపు మొహం పెట్టి, వెన్ను నిటారుగా, టోపీ ఒక మోకాలి మీద, టార్చిలైటు ఇంకో మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. రెండు కళ్ళూ పూర్తిగా తెరిచి ఉన్నాయి.

"బావగారూ, మీరా? అక్కేది?"

"ఇవాళ నా డ్యూటీ. నేనొచ్చి తట్టేసరికి తాత హడలిపోయాడు, ఖాకీ చొక్కా చూసి పోలీసులు తనకోసమే వచ్చారనుకున్నాడు పాపం."

"కళ్ళు మూసుకోవాలి బావగారూ."

"కళ్ళు మూసుకుంటే అది కాపలా ఎలా అవుతుంది? మా దగ్గరైతే ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు అతను. "ప్రార్థన చెయ్యడం నాకు రాదమ్మా. కూర్చోవడం వచ్చు. మనిషి వస్తే చూడ్డం వచ్చు. నువ్వొచ్చి చాలాసేపైంది. రోజూ ఇంతేనా?"

ఆ అమ్మాయి తల వంచుకుంది. "రోజూ వస్తున్నాను. వేళకే వస్తున్నాను. అక్క వీపు కనిపిస్తుంది. నిన్న లోపలి దాకా వచ్చి చెయ్యి కూడా ఎత్తాను, బావగారూ. వెయ్యలేకపోయాను. దుప్పట్లు మాడ్చింది నేను. నా ఎదురుగానే అక్కని అక్కడికి పంపించారు. ఒక్క మాట అంటే అయిపోయేది, నోరు పెగల్లేదు. ఉన్నది పోతుందేమోనని భయం. ఆ చేత్తో అక్కనెలా ముట్టుకోను? టీచరమ్మ వీధి చివర కనిపించేదాకా నిలబడి వెళ్ళిపోయేదాన్ని."

మడతలక్క ఆవరణ మధ్యలో నిలబడి ప్రతి మాటా విన్నది. కోపం రావాలి, వచ్చింది. కానీ అంతకంటే పెద్దదేదో వెంటనే దాన్ని పక్కకి నెట్టేసింది. ఆ రెండు పొద్దులూ తన వెనక గుమ్మంలో ఒకతె నిలబడి ఉంది. తను ఒక్కసారి తల తిప్పి చూసుంటే చాలు. కట్టుబాటు తప్పకూడదని అంత గట్టిగా కళ్ళు మూసుకుంది. ఎవరి కోసం ఎదురుచూస్తోందో ఆ మనిషే కనిపించలేదు. ఎవరూ వినడం లేదనుకుంది. చెయ్యి ఎత్తి పట్టుకుని ఒకతె వెనకే నిలబడితే విననిది తనే.

లోపల భర్త గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మాయ్, ఇది మీ అక్క భుజం కాదు. వాచ్‌మన్ భుజం, ఏదేసినా దీనికి తెలీదు. వెయ్యి. త్వరగా వెయ్యి, నాకు నిద్రొస్తోంది."

ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. చెప్పులు కింద పెట్టి, దగ్గరికెళ్ళి, ఖాకీ భుజం మీద చెయ్యి వేసింది. అతను వెంటనే లేచి నిలబడి, డ్యూటీ అప్పజెప్పేటప్పుడు అలవాటైనట్టుగా టోపీ పెట్టుకున్నాడు. "అంతా సవ్యంగానే ఉంది" అని అప్పజెప్పేశాడు కూడా.

అప్పుడు మడతలక్క లోపలికొచ్చింది. సైకిలమ్మాయి ఆమెని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. మడతలక్క అనాలనుకున్న మాటలన్నీ దారిలోనే ఎక్కడో పడిపోయాయి. ఆమె నేరుగా వెళ్ళి చాప మీద మోకరించి, ఆ అమ్మాయికి వీపు పెట్టి, కళ్ళు మూసుకుంది.

"నా గంట అవ్వలేదు ఇంకా" అంది. "వెయ్యి."

వెనక పాదాల చప్పుడు చాప దాకా వచ్చింది. తర్వాత చెయ్యి పడింది. అది తేలిగ్గా పడలేదు. మనిషి మొత్తం ఆ చేతి వెనకే వచ్చి ఆమె వీపు మీద వాలిపోయింది. "అక్కా, అక్కా" అంటోందే కానీ తర్వాత మాట రావడం లేదు. మడతలక్క వెనక్కి చెయ్యి చాపి, అందిన తలని నిమిరింది. గొంతులో సోమవారం నుంచి అడ్డం పడి ఉన్నది దిగిపోయింది. ఊపిరి ఇంత సులువుగా ఆడుతుందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఇద్దరూ పక్కపక్కనే ఆ గంట పూర్తి చేశారు. ఆ అమ్మాయి ఏం అడిగిందో మడతలక్కకి తెలియదు. మడతలక్క మాత్రం తను ఏటా అడిగే ఒక్క ముక్కా అడగడం మర్చిపోయింది. మర్చిపోయినట్టు గుర్తొచ్చి కళ్ళు తెరిచి చూస్తే, భర్త వెళ్ళకుండా గుమ్మం లోపల గోడకి ఆనుకుని, నిలబడే నిద్రపోతున్నాడు.

టీచరమ్మ ఆ రోజు వేళకే వచ్చింది. ఆవిడ మోకాళ్ళకి అప్పుడప్పుడూ అలాంటి మంచి రోజులుంటాయి. గుమ్మంలో ఖాకీ మనిషిని చూసి కళ్ళజోడు సవరించుకుని "వందనాలు నాయనా" అంది. అతను నిద్రలోంచి లేచి సెల్యూట్ కొట్టాడు.

ఆవరణలోకి వచ్చాక మడతలక్క అతని చెయ్యి పట్టుకుంది. "ఏమండీ, మీరు లోపలికొచ్చారు."

"కంగారుపడకు. డ్యూటీ మీద వచ్చాను. అది రావడం కిందికి రాదు."

"అక్కా, బస్సు పోయుంటుంది" అంది సైకిలమ్మాయి, మొహం తుడుచుకుంటూ. "ఎక్కు వెనకాల."

"నన్ను మోస్తావా నువ్వు? నీ సైకిలు విరుగుతుంది."

"విరిగితే విరుగుతుందిలే, ఎక్కక్కా."

ఎక్కింది. దారి పొడుగునా సైకిలు ప్రతి గుంతకీ మొర పెట్టుకుంది. ఎత్తు దగ్గర దిగి ఇద్దరూ తోసుకుంటూ పరుగెత్తారు. లాండ్రీ గేటు సగం మూసుకుంటుండగా రొప్పుతూ వెళ్ళి పడ్డారు. సూపర్‌వైజరు ఇద్దర్నీ కిందా మీదా చూశాడు.

"సార్" అంది సైకిలమ్మాయి. ఇంకా ఊపిరి కూడా తిరగలేదు. "సోమవారం వేడి తగ్గించాల్సింది నేను సార్. తగ్గించలేదు. తగ్గించానని చెప్పి బయటికెళ్ళాను. అక్క తప్పు లేదు."

సూపర్‌వైజరు మడతలక్క వైపు తిరిగాడు. "నువ్వెందుకు చెప్పలేదు?"

"తను చెప్తుందని, సార్."

"చెప్తుందని ఇన్నాళ్ళు ఆ గదిలో ఉన్నావా?" ఆయన గేటు గొళ్ళెం టకటకలాడించాడు. తిట్టాలని ఉంది, ఎవర్ని ముందు తిట్టాలో తేలలేదు. "సరే. నెలాఖరు దాకా వేరుచేసే గది నీది" అన్నాడు సైకిలమ్మాయితో. "ఇంకోసారి ఇలాంటిది జరిగితే మాత్రం ఊరుకోను." అంటే ఉద్యోగం ఉన్నట్టే కదా. ఆ సంగతి అర్థమవడానికి ఆ అమ్మాయికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక గేటు ఊచ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మడతలక్క కొక్కేనికి వేలాడుతున్న తన ఏప్రన్ తీసి కట్టుకుంది. అందులో ఇంకా ఇస్త్రీ వాసన ఉంది. మధ్యాహ్నం దాకా వేరే ఆమెతో మడతపెట్టింది. ఆ చేతులకీ ఈ చేతులకీ పొసగలేదు. అంచులు ఒకసారి ఎక్కువా, ఒకసారి తక్కువా. పేర్చిన దొంతి ఒకపక్కకి ఒరిగిపోతుంటే సూపర్‌వైజరు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

"నేనేం అనలేదు సార్."

"అనక్కర్లేదు, కనిపిస్తోంది." ఆయన అద్దం దగ్గరికెళ్ళి వేళ్ళతో కొట్టాడు. "ఏయ్ సైకిలు! పొద్దున అక్కడ చెయ్యి, మధ్యాహ్నం నుంచి ఇక్కడికి రా. చేతులు మాత్రం బాగా కడుక్కో."

సైకిలమ్మాయి మోచేతుల దాకా కడుక్కుని వచ్చి అటు అంచు పట్టుకుంది. దులిపారు. సగానికి మడిచారు. ఎదురెదురుగా నడిచొచ్చి, వేళ్ళలోని అంచుల్ని వేళ్ళలో పెట్టారు. ఆ అమ్మాయి వేళ్ళు నీళ్ళలో నాని ముడతలు పడి ఉన్నాయి. ఈసారి మడతలక్కే కళ్ళెత్తి ఆ మొహంలోకి చూసింది. ఆ అమ్మాయి కూడా చూసింది.

"పాస్టరుగారి దగ్గు ఎలా ఉందో" అంది మడతలక్క.

"తగ్గలేదక్కా. నిన్న మరీ ఎక్కువగా ఉంది" అంది ఆ అమ్మాయి. ఇద్దరూ వెనక్కి నడిచారు.

మర్నాడు తెల్లవారుజామున, ఆమె తలుపు తియ్యబోతుంటే అతను డ్యూటీ దిగి వచ్చాడు. ఆమె తాళంచెవి ఇవ్వబోయింది. అతను తీసుకోలేదు.

"ఉండు, నేనూ వస్తాను" అన్నాడు. "ఆ కుర్చీ కాలొకటి కుదురుగా లేదు. నిన్నంతా పడతానేమోనని ఒళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. మీ టీచరమ్మ ఎప్పుడో ఒకప్పుడు దాని మీద నుంచి పడుతుంది. ఒక్క మేకు కొడితే సరిపోతుంది."

చొక్కా జేబులో సుత్తి పిడి బయటికి కనిపిస్తోంది. ఆమె గబగబా తాళం అందుకుంది. ఏమన్నా అంటే మనసు మార్చుకుంటాడేమోనని భయం. ఇల్లు తాళం వేసి, చీకటి వీధిలో పక్కపక్కనే నడిచారు. అతను టార్చిలైటు ఆమె కాళ్ళ ముందు వేశాడు. దారిలో ఒక కుక్క గురించీ, కోల్డ్‌స్టోరేజీ కొత్త గేటు గురించీ ఏదేదో చెప్పాడు. ఆమె ఊఁ కొడుతూ నడిచింది. ఊఁ అనడంలో ఎంత హాయి ఉందో మొదటిసారి తెలిసింది.

చర్చి గేటు దగ్గర, అలవాటైన చోటు రాగానే, అతని బూట్లు వాటంతటవే ఆగిపోయాయి. అతను తన కాళ్ళ వంక చూసుకుని, జేబులో సుత్తి తడుముకున్నాడు.

"ఇక్కణ్ణుంచి మేకు కొట్టలేనుగా" అని, గేటు నెట్టుకుని లోపలికి నడిచాడు.

ఇన్నేళ్ళలో మొదటిసారి గేటు దగ్గర ఆమే ఆగిపోయింది. కళ్ళు మూసుకుందామనుకుని, మూసుకోకుండా, ఆ టార్చిలైటు వెలుగు ఆవరణ దాటి, గుమ్మం దాటి, గదిలోకి వెళ్ళేదాకా చూస్తూ నిలబడింది.

"రావే" అన్నాడతను లోపల్నుంచి. "తాత నీ కోసమే కూర్చున్నాడు."